మెడ పట్టేసి నెలలు దాటితే: మాత్రా, మర్దనా, సూదా, వ్యాయామమా?

కుడి భుజానికీ మెడకూ మధ్య చింతపిక్కంత గట్టి ముద్ద ఒకటి నాలుగేళ్లు నాతో కాపురం చేసింది. వేలితో నొక్కితే నొప్పి అక్కడే ఆగేది కాదు. మెడ పక్కగా పైకి పాకి, చెవి వెనక నుంచి తిరిగి, కణత దగ్గర తేలేది. రోజంతా తల వంచి ప్రూఫులు దిద్దే పని నాది. మొదట తలనొప్పి అనుకుని మాత్రలు వేసుకున్నాను. తర్వాత కళ్లద్దాలు మార్చాను. తప్పు కళ్లది కాదు, భుజానిదని తెలిసేసరికి ఏడాది గడిచింది.

అసలు చిక్కు ఆ తర్వాతే మొదలైంది. అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టమంది. పక్కింటాయన ఆయుర్వేదం అన్నారు. మందుల దుకాణంలో ఒక మాత్ర చేతిలో పెట్టారు. ఎముకల డాక్టరు ఇంకో మాత్ర, మెడకు ఒక పట్టీ రాశారు. ఫిజియోథెరపీలో కరెంటు పెట్టారు. ఒక స్నేహితుడు సూదులు పొడిపించుకుంటే పోతుందన్నాడు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అన్నీ ఎంతో కొంత పనిచేశాయి. దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో, ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వైద్యం నా వృత్తి కాదు. ఈ దారులన్నీ తిరిగి, చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

## కండరం దొంగా, కాపలాదారా?

వైద్యం ఎంచుకునే ముందు తేల్చుకోవలసింది ఇది. కొన్నిసార్లు కండరమే అసలు దోషి: ఒకే భంగిమలో గంటల తరబడి పనిచేసి, అలసిపోయి, వదులు కావడం మరిచిపోయినట్టు బిగుసుకుంటుంది. కొన్నిసార్లు కండరం కాపలాదారు: లోపల డిస్కుకో, వెన్నుపూస కీలుకో దెబ్బ తగిలితే, ఆ చోటు కదలకుండా చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. కాపలాదారును ఎంత పిసికినా లోపలి గొడవ తీరదు. మూడో రకంలో తప్పు కండరంలో లేదు, దానికి ఆజ్ఞలు పంపే మెదడులోనో వెన్నుపాములోనో ఉంది. పక్షవాతం తర్వాత చెయ్యి ముడుచుకుపోవడం ఇలాంటిదే. మెడ తనంతట తాను ఒక పక్కకు తిరిగిపోయే డిస్టోనియా కూడా అంతే.

మూడింటినీ మనం "పట్టేసింది" అనే ఒకే మాటతో చెబుతాం. చేయవలసిన వైద్యం మాత్రం ఒకటి కాదు.

| మీకు ఎలా ఉంది | ఏమై ఉండవచ్చు | మొదట ఎవరి దగ్గరికి |
|---|---|---|
| నొక్కితే దొరికే గట్టి ముద్ద, నొప్పి వేరే చోటికి పాకడం, పని రోజుల్లో ఎక్కువ | కండరం సొంత నొప్పి | ఫిజియోథెరపిస్టు, లేదా ఫిజికల్ మెడిసిన్ డాక్టరు |
| దగ్గినా వంగినా చేతిలోకో కాలిలోకో తీగలా లాగడం, తిమ్మిరి | డిస్కు లేదా నరం, కండరం కాపలాలో ఉంది | ఎముకల డాక్టరు లేదా నరాల డాక్టరు |
| పక్షవాతం, తలకు దెబ్బ, వెన్నుపాము గాయం తర్వాత బిగుసుకోవడం | స్పాస్టిసిటీ | నరాల డాక్టరు |
| తల తనంతట తిరిగిపోవడం, వణుకు | డిస్టోనియా | నరాల డాక్టరు |
| ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం, అలసట | ఫైబ్రోమయాల్జియా, థైరాయిడ్, విటమిన్ డి లోపం, కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ ప్రభావం | జనరల్ ఫిజీషియన్ |

ఈ పోలికలేవీ వర్తించని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు లేదా చెయ్యి బలహీనపడటం, నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం, పడిన తర్వాత మొదలైన నొప్పి, నడిస్తే ఎడమ భుజంలోకి వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా రేపటిదాకా కూడా ఆగకండి.

## ఏ కొలతతో పోల్చాలి

నొప్పి మూడు నెలలు దాటితే వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అక్కడికి వచ్చిన మనిషి "ఏది బాగా తగ్గిస్తుంది?" అని అడుగుతాడు. నేనూ నాలుగేళ్లు అదే అడిగాను. ఆ ప్రశ్నకు జవాబుగా ప్రతి వైద్యమూ గెలుస్తుంది, ఎందుకంటే ఆ పూటకు ప్రతిదీ తగ్గిస్తుంది. చివరికి ఒక ఫిజియోథెరపిస్టు నన్నే తిరిగి అడిగింది: "కరెంటు పెట్టించుకుని ఇంటికెళ్లాక నొప్పి లేని ఆ రెండు గంటలు ఏం చేస్తున్నారు?" ప్రూఫులు దిద్దుతున్నాను అన్నాను. ఆవిడ నవ్వలేదు.

అప్పటి నుంచి నా కొలత మారింది. కండరానికి మళ్లీ కదలిక, బలం తెచ్చే పని ఒకటుంది. మిగతావన్నీ ఆ పని చేసుకోవడానికి వెసులుబాటు ఇచ్చేవి. కాబట్టి ప్రతిదాన్నీ ఇలా అడగాలి: వెసులుబాటు ఎంతసేపు ఇస్తుంది? ఆ సమయంలో నేను మెలకువగా, కదలగలిగేలా ఉంటానా, లేక మత్తుగా పడుకుంటానా? నెలల తరబడి వాడితే ఒంట్లో ఏమి పాడవుతుంది? ఒక సిట్టింగుకు కాకుండా ఏడాదికి ఎంత ఖర్చు? ఇంట్లో నా చేతులతో నేను చేసుకోగలనా, ప్రతిసారీ ఇంకొకరి గడప తొక్కాలా?

## కాపడం, నూనె, మర్దన

కాపడం ఖర్చు లేనిది కాబట్టి ముందు దీన్నే ప్రయత్నించాలి. వేడినీళ్ల సంచి, వేయించిన ఉప్పు మూట, ఆముదం రాసి వేడిచేసిన జిల్లేడు ఆకు, బాలింతలకు పోసే వావిలాకు నీళ్లు. అన్నింటిలోనూ ప్రధానంగా పనిచేసేది వేడే. 15 నుంచి 20 నిమిషాల వేడి చర్మం కింద రక్తప్రసారం పెంచి, బిగుసుకున్న చోటును సడలిస్తుంది. గంటో రెండు గంటలో వెసులుబాటు. మత్తు ఉండదు. వ్యాయామానికి ముందు పెట్టుకోవడానికి దీనికి మించినది లేదని నా అనుభవం.

ఒక్క జాగ్రత్త. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి వేడి ఎంతో తెలియదు, చర్మం కాలి పుండు పడుతుంది. ఇంట్లో ఇంకొకరి మోచేతితో వేడి చూపించి పెట్టుకోవాలి. కరెంటు కాపడం సంచి మీద పడుకుని నిద్రపోకూడదు, ఎవరైనా సరే.

మర్దన సుఖంగా ఉంటుంది, ఒకటి రెండు రోజులు తేలికపరుస్తుంది. ఆయుర్వేదంలో మహానారాయణ తైలం, క్షీరబలా తైలం, ధన్వంతరం తైలం ఇందుకే వాడతారు. నడుము మీద మినపపిండితో గట్టు కట్టి గోరువెచ్చని నూనె నిలిపే కటివస్తి కూడా ఉంది. చేయించుకున్నాను, హాయిగా ఉంది. 7 రోజుల చికిత్స తర్వాత పదో రోజుకు ముద్ద తన చోటికి తాను వచ్చింది. తప్పు నూనెది కాదు. ఆ పది రోజుల్లో నేను కూర్చునే కుర్చీగానీ, తల వంచే తీరుగానీ మారలేదు. నూనె పైపూతగా వాడటం వేరు, అదే దుకాణంలో ఇచ్చే భస్మాలు, పేరు లేని పొడులు మింగడం వేరు. లోపలికి తీసుకునేది ఏదైనా అర్హత ఉన్న వైద్యుడు రాసిందై, సీసా మీద తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య ఉండాలి.

ఇక చేయకూడనివి. క్షౌరశాలలో గడ్డం చేసి, చివర్లో తల రెండు చేతులతో పట్టుకుని ఠక్కున తిప్పే అలవాటు ఉంది. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు వెన్నుపూసల గుండా పైకి పోతాయి. అలా తిప్పినప్పుడు వాటి గోడ చిట్లితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ అయిదు క్షణాల శబ్దం కోసం పెట్టే పందెం కాదది. పిక్క ఒక వైపే వాచి, వేడిగా ఉండి నొప్పి పుడుతుంటే మర్దన చేయించుకోవద్దు. అది కండరం కాక రక్తనాళంలో గడ్డ కావచ్చు.

## మాత్రలు: ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే

మందుల దుకాణంలో "నడుము పట్టేసింది" అంటే దొరికే బిళ్లలో సాధారణంగా రెండో మూడో మందులు కలిసి ఉంటాయి: నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ లేదా అసెక్లోఫెనాక్, పారాసిటమాల్, వాటితో పాటు కండరాలు సడలించే థయోకాల్చికోసైడ్ లేదా క్లోర్‌జోక్సజోన్. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలు చదవండి. చదవకపోతే జరిగేది ఇది: డాక్టరు రాసిన బిళ్లలో పారాసిటమాల్ ఉంటుంది, తలనొప్పికి మీరు విడిగా పారాసిటమాల్ వేసుకుంటారు, జలుబు బిళ్లలోనూ అదే ఉంటుంది. పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయం బాగాలేనివారికి, మద్యం తాగేవారికి అంతకంటే తక్కువ.

కండరాలు సడలించే మందు అంటే మింగగానే భుజంలో ముద్ద ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లేది అనుకుంటాం. ఈ మందుల్లో దాదాపు అన్నీ మెదడు, వెన్నుపాముల మీద పనిచేస్తాయి. అందుకే మత్తు. కొత్తగా పట్టేసిన నడుముకు కొద్ది రోజులు ఇవి ఉపయోగమే. నెలలు దాటిన నొప్పికి వీటి బలం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో కండరాలు సడలించే మందులను మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పింది. నల్లమందు తరహా నొప్పి మందులైన ఓపియాయిడ్ల విషయంలోనూ అదే మాట.

విడివిడిగా తెలుసుకోవలసినవి కొన్ని:

థయోకాల్చికోసైడ్. మన దగ్గర విరివిగా రాసేది. ఇది శరీరంలో విడిపోయినప్పుడు పుట్టే ఒక పదార్థం కణాల్లో క్రోమోజోముల సంఖ్యను దెబ్బతీయగలదని తేలి, 2013లో యూరోపియన్ మందుల సంస్థ వాడకాన్ని కుదించింది: మాత్రలైతే 12 గంటలకు 8 మిల్లీగ్రాములు, 7 రోజులకు మించకూడదు. సూది మందైతే 5 రోజులు. 16 ఏళ్లలోపు వారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోని స్త్రీలకు వద్దు. నేను దీన్ని మందుల దుకాణం మీద ఆధారపడి 40 రోజులు మింగాను. ఆపమని చెప్పినవారు లేరు. చీటీ చూపమన్నవారూ లేరు.

టిజానిడిన్. రాత్రి పూట నిద్ర పట్టనివారికి ఉపయోగపడుతుంది, ఎందుకంటే దీని మత్తు గట్టిదే. నోరు ఎండుతుంది, రక్తపోటు పడిపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. సిప్రోఫ్లోక్సాసిన్‌తో కలిపి అసలు వాడకూడదు. విరేచనాలకో, మూత్రంలో మంటకో మనవాళ్లు సొంతంగా కొనుక్కునే యాంటీబయాటిక్ అదే. రెండూ కలిస్తే టిజానిడిన్ రక్తంలో అనేక రెట్లు పెరుగుతుంది. కొంతకాలం వాడి ఉంటే హఠాత్తుగా ఆపకూడదు, రక్తపోటు ఎగబాకుతుంది.

బాక్లోఫెన్. స్పాస్టిసిటీకి మంచి మందు. పక్షవాతం తర్వాత చేతులు బిగుసుకున్నవారికి దీని విలువ వేరు. మామూలు మెడ పట్టుకు మాత్రం ఇది మొదటి మందు కాదు. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు బాగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే భ్రాంతులు, మూర్ఛలు రావచ్చు.

డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు. కొద్ది రోజులకు బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, కిడ్నీ, గుండె ఈ మూడింటి లెక్క చూసుకోవాలి. రక్తపోటుకు నీళ్ల మాత్రతో (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) పాటు మరో మందు వాడుతున్న 60 దాటిన మనిషి వీటిని వారాల తరబడి వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినవచ్చు. నొప్పి ఒకే చోట ఉంటే పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ మేలు. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ.

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. థయోకాల్చికోసైడ్ అమెరికాలో అనుమతి లేని మందు. అక్కడి డాక్టరుకు పేరు చెప్పినా తెలియకపోవచ్చు. వాళ్లు సైక్లోబెంజాప్రిన్, మెథోకార్బమాల్ వంటివి రాస్తారు. సూట్‌కేసులో ఆరు నెలల మాత్రలు సర్దుకోవడం కంటే వెళ్లే ముందు వ్యాయామాలు నేర్చుకోవడం బరువు తక్కువ.

విటమిన్ డి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లోపం ఉన్నవారికి కండరాల నొప్పులు ఉంటాయి, సరిచేస్తే తగ్గుతాయి. వారానికి ఒకటి చొప్పున వేసుకోవలసిన 60,000 యూనిట్ల గోలీని రోజూ వేసుకున్నవారు నాకు తెలుసు. అది ఒంట్లో పేరుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీలు చెడిపోతాయి. పరీక్ష చేయించుకుని, రాసినన్ని వారాలే.

## కరెంటు పెట్టడం, బెల్టు, మెడ పట్టీ

ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్ యంత్రాలన్నిటినీ కలిపి మనం కరెంటు పెట్టడం అంటాం. పెట్టినంతసేపూ, ఆ తర్వాత ఒకటి రెండు గంటలూ బాగుంటుంది. దీర్ఘకాలిక నొప్పిలో అంతకు మించి ఆశించవద్దు. ఫిజియోథెరపీ అంటే మంచం మీద పడుకుని తీగలు తగిలించుకోవడమే అనుకుని, పది సిట్టింగులు అయ్యాక "నాకు ఫిజియో పనిచేయలేదు" అనేవారు చాలామంది. వారు ఫిజియోథెరపీ ఇంకా మొదలుపెట్టనేలేదు. చేరేటప్పుడే అడగండి: యంత్రం ఎంతసేపు, వ్యాయామం ఎంతసేపు? జవాబు మొత్తం యంత్రమే అయితే ఇంకో చోటు చూసుకోండి.

బెల్టు, మెడ పట్టీ నెలలు దాటిన నొప్పికి వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు నడుము బెల్టులనూ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నూ పక్కన పెట్టాయి. పుత్తూరు కట్టుకు పేరు వచ్చింది విరిగిన ఎముకల వల్ల. పట్టేసిన కండరాన్ని కదలకుండా బిగించడం దాని జబ్బును పెంచడమే.

## వ్యాయామం

బిగుసుకున్న కండరం బలంగా ఉందని అనుకుంటాం. తరచుగా అది బలహీనంగా ఉంటుంది. మోయలేని బరువు మోస్తూ వణుకుతున్న చెయ్యిలా, పని తన శక్తికి మించడం వల్ల బిగుసుకుంటుంది. అందుకే సాగదీయడం ఒక్కటే చాలదు, బలం పెంచాలి. డెన్మార్క్‌లో పరిశోధకులు మెడ, భుజం నొప్పి ఉన్న స్త్రీలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు: వారానికి మూడుసార్లు 20 నిమిషాలు, 10 వారాల పాటు భుజం కండరాలకు బరువులతో వ్యాయామం చేసినవారికి నొప్పి బాగా తగ్గింది. సైకిలు తొక్కినవారికి తొక్కిన కాసేపే తేడా కనిపించింది. తర్వాత 2011లో అదే బృందం ఇంకో సంగతి చూపింది: రబ్బరు పట్టీతో రోజుకు 2 నిమిషాల వ్యాయామం కూడా నొప్పిని తగ్గిస్తుంది.

రెండు నిమిషాలు. నాకు సమయం లేదని నాలుగేళ్లు చెప్పుకున్న సాకు అక్కడ కూలింది.

నేను చేసేది ఇంతే. రబ్బరు పట్టీ మధ్యభాగం కాలి కింద తొక్కి, రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని, మోచేతులు కొంచెం వంచి, చేతులను పక్కలకు భుజాల ఎత్తు దాకా లేపడం. మూడు లెక్కపెట్టే దాకా పైకి, మూడు లెక్కపెట్టే దాకా కిందికి. మొదటి రోజు ఆరుసార్లకే చేతులు వణికాయి. దానితో పాటు గడ్డాన్ని కిందికి వంచకుండా నిటారుగా వెనక్కి లాగడం, భుజాల రెక్కలు వెనక్కి దగ్గరగా తెచ్చి అయిదు క్షణాలు ఆపడం. నడుముకైతే మోకాళ్లు మడిచి పడుకుని పిరుదులు పైకి లేపడం, రోజూ నడక. యోగా అలవాటున్నవారికి మార్జాలాసనం, భుజంగాసనం ఇదే పని చేస్తాయి. డిస్కు సమస్య ఉంటే ముందుకు బాగా వంగే పశ్చిమోత్తానాసనం వంటివి డాక్టరును అడగకుండా వద్దు.

ఇక్కడి చిక్కు నిజాయితీగా చెప్పాలి. మొదటి రెండు వారాలు నొప్పి కొంచెం పెరగవచ్చు. ఎక్కువమంది మానేసేది అప్పుడే. చేసిన మర్నాటికి తగ్గిపోయే నొప్పి అయితే కొనసాగించండి. రెండు రోజులైనా తగ్గకపోతే బరువు సగం చేయండి. వెసులుబాటు ఇచ్చే మిగతా వైద్యాల అసలు స్థానం ఈ రెండు వారాలే: వ్యాయామానికి ముందు కాపడం, మరీ అవసరమైతే కొద్ది రోజులు మాత్ర.

## సూదులు మూడు రకాలు

కండరంలో ముద్దల నొప్పి ఎక్కడ నొక్కితే ఎక్కడికి పాకుతుందో పటాలు గీసినవారు అమెరికా వైద్యురాలు జానెట్ ట్రావెల్. 1961లో అధ్యక్షుడు కెనెడీకి శ్వేతసౌధం వైద్యురాలయ్యారు. ఆ పదవిలో మొదటి మహిళ. ఆయన నడుము కండరాల్లో ఆ చోటును మొద్దుబార్చే ప్రొకెయిన్ సూదులు వేసి, ఊగే కుర్చీలో కూర్చోమన్నది ఆవిడే. నా భుజం ముద్ద కణత దాకా ఎందుకు పాకిందో ఆ పటాల్లో ముందే ఉంది. ఈ ముద్దలు ఎలా పుడతాయన్న దానిమీద వాదన ఇప్పటికీ నడుస్తోంది.

ఆ దారిలో వచ్చినవే మొదటి రెండు రకాలు. ట్రిగ్గర్ పాయింట్ ఇంజెక్షన్‌లో అలా మొద్దుబార్చే మందు కొద్దిగా ముద్దలోకి ఎక్కిస్తారు. డ్రై నీడ్లింగ్‌లో మందు ఉండదు, ఆక్యుపంక్చర్‌లో వాడేంత సన్నని సూదితో ముద్దను పొడుస్తారు. సూది సరైన చోట తగిలితే కండరం చేపలా ఒక్కసారి ఎగిరిపడుతుంది. నాకు ఎగిరిపడింది, అరిచాను కూడా. ఒకటి రెండు రోజులు పచ్చి నొప్పి, ఆ తర్వాత వారం పది రోజులు మెడ స్వేచ్ఛగా తిరిగింది. ఇది చిన్నదేమీ కాదు. ఆ పది రోజుల్లోనే రబ్బరు పట్టీ పట్టుకున్నాను కాబట్టి నాకు కలిసొచ్చింది. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి. భుజం, వీపు పైభాగంలో సూది లోతుగా పోతే ఊపిరితిత్తి పొర చిల్లుపడే ప్రమాదం అరుదుగా ఉంది. ఎన్నేళ్లుగా చేస్తున్నారని అడగడానికి మొహమాటపడకండి.

మూడోది బొటులినం టాక్సిన్. నరం నుంచి కండరానికి ఆజ్ఞ అందకుండా అడ్డుపడుతుంది. కొద్ది రోజుల్లో పని మొదలుపెట్టి దాదాపు మూడు నెలలు ఉంటుంది. మెడ డిస్టోనియాకు ఇదే మొదటి వరస చికిత్స. పక్షవాతం తర్వాతి బిగుతుకూ మంచి ఆధారాలు ఉన్నాయి. నాలాంటివారి ముద్దల నొప్పికి ఫలితాలు ఒకే తీరుగా లేవు. ఖర్చు వేలల్లో, మళ్లీ మూడు నెలలకు అంతే. మెడలో వేసినప్పుడు కొందరికి మింగడం కష్టమవుతుంది, తల నిలవదు. మామూలు మెడ పట్టుకు ఎవరైనా మొదటి సందర్శనలోనే ఇది సూచిస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

## పక్కపక్కన పెడితే

| దారి | వెసులుబాటు | మత్తు | నెలలు వాడితే | ఏడాది ఖర్చు | ఇంట్లో చేసుకోవచ్చా |
|---|---|---|---|---|---|
| కాపడం | గంట, రెండు గంటలు | లేదు | జాగ్రత్తగా వాడితే హాని లేదు | దాదాపు సున్నా | అవును |
| మర్దన, తైలం | ఒకటి రెండు రోజులు | లేదు | హాని తక్కువ | మధ్యస్థం | కొంతవరకు |
| సడలించే మాత్రలు | కొన్ని గంటలు | ఉంది | వద్దు | తక్కువ | డాక్టరు చీటీతోనే |
| నొప్పి మాత్రలు | కొన్ని గంటలు | లేదు | కడుపు, కిడ్నీ, గుండె | తక్కువ | డాక్టరు చీటీతోనే |
| కరెంటు | గంట, రెండు గంటలు | లేదు | హాని తక్కువ, లాభమూ తక్కువ | ఎక్కువ | సాధారణంగా కాదు |
| డ్రై నీడ్లింగ్ | కొన్ని రోజులు | లేదు | అనుభవం ఉన్న చేతుల్లో సరే | మధ్యస్థం | కాదు |
| బొటులినం | సుమారు మూడు నెలలు | లేదు | ప్రత్యేక జబ్బులకే | చాలా ఎక్కువ | కాదు |
| వ్యాయామం | వారాలు పట్టి మొదలవుతుంది, చేస్తున్నంత కాలం నిలుస్తుంది | లేదు | మేలు | రబ్బరు పట్టీ ధర | అవును |

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

కంప్యూటర్ ముందు కూర్చునేవారు. వ్యాయామం, దానికి ముందు కాపడం. తెర కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావుపాటి పుస్తకాలు, కీబోర్డు విడిగా. ఆరు వారాలకూ కదలిక రాకపోతే డ్రై నీడ్లింగ్ ప్రయత్నించవచ్చు.

నాట్లు వేసేవారు, కలుపు తీసేవారు, బరువులు మోసేవారు. వీరికి విశ్రాంతి తీసుకోమని చెప్పడం సులువు, ఆ రోజు కూలి ఎవరిస్తారు? సాయంత్రం వేడినీళ్ల స్నానం, జెల్, రాత్రి పదినిమిషాల నడుము వ్యాయామం. పొలంలో అరగంటకోసారి నిటారుగా నిలబడి, చేతులు నడుము మీద పెట్టి వెనక్కి అయిదుసార్లు వంగడం. పని రోజులన్నీ నొప్పి బిళ్ల మీద నెట్టుకొస్తుంటే, ఎండలో నీళ్లు తక్కువ తాగి వేసుకునే ఆ బిళ్ల కిడ్నీకి రెండింతలు బరువు. ఈ ఒక్క మాట ఇంట్లో ఎవరైనా చెప్పగలిగితే చాలు.

డ్రైవర్లు, యంత్రాల మీద పనిచేసేవారు. టిజానిడిన్, బాక్లోఫెన్ వంటివి పనివేళల్లో వద్దు. రాత్రి వేసుకున్నా పొద్దున మత్తు మిగలవచ్చు. మొదటి మోతాదు సెలవు రోజు ముందు రాత్రి వేసుకుని చూడండి.

60 దాటి బీపీ, షుగరు ఉన్నవారు. నొప్పి బిళ్లల కంటే జెల్, కాపడం, నడక, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు. మత్తు మందులతో తూలి పడటం ఈ వయసులో నొప్పి కంటే పెద్ద ప్రమాదం. తుంటి విరిగితే మెడ నొప్పి గుర్తుకు కూడా రాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు. థయోకాల్చికోసైడ్ వద్దు. నొప్పి మాత్ర ఏదైనా ప్రసూతి వైద్యురాలు చెప్పాకే. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, తేలికపాటి మర్దన, నడక మంచివి.

నిద్ర లేనివారు, ఒత్తిడిలో ఉన్నవారు. కొందరికి మెడ పట్టేసేది పరీక్షల ముందు, ఇంట్లో గొడవ తర్వాత. నొప్పి మనసులో ఉందని దీనికి అర్థం కాదు, భుజాలు చెవుల దగ్గరికి లేచి గంటలు గడిచాయని అర్థం. వీరికి కండరం సడలించే మాత్ర కంటే నిద్రను సరిచేసే వైద్యం ఎక్కువ పనిచేస్తుంది. నొప్పితో బతికే తీరు నేర్పే ప్రవర్తన చికిత్సకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్దతు ఉంది. ఒళ్లంతా నొప్పులుంటే రాత్రి తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ గురించి డాక్టరును అడగవచ్చు. అది దిగులు మందు కదా అని భయపడి మానేయకండి. నొప్పికి వాడే మోతాదు చాలా చిన్నది.

## ఆరు వారాల కాగితం

ఏది ఎంచుకున్నా ఆరు వారాలు చూడండి. గోడ క్యాలెండరు మీద రోజూ రెండే రాయండి: ఆ రోజు నొప్పి పదికి ఎంత, నొప్పి వల్ల చేయలేకపోయిన పని ఏమిటి. రెండోది ముఖ్యం. నా క్యాలెండరులో నొప్పి అంకె అయిదు దగ్గరే వారాల పాటు కదల్లేదు. కానీ "బట్టలు ఆరేయలేదు", "జడ వేయలేదు" అనే మాటలు నాలుగో వారం నుంచి కనిపించడం మానేశాయి. అంకెను మాత్రమే చూసి ఉంటే వ్యాయామం పనిచేయలేదని వదిలేసేదాన్ని.

రెండూ కదలకపోతే దారి మార్చాలి, అదే దారిలో మోతాదు పెంచకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండరు పేజీ చింపి తీసుకెళ్లండి. దానితో పాటు ఇప్పటిదాకా మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు కూడా. పేర్లు మనకు గుర్తుండవు, "తెల్లటి గుండ్రటి బిళ్ల" అంటే డాక్టరుకూ తెలియదు.